అద్దం మీద ముద్దులు

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న చేప ఉండేది.

అడవిలో చేపేమిటని అప్పుడే మొహం చిట్లించకండి. వాగులో చేప కాదు, చెరువులో చేపా కాదు. అచ్చంగా సముద్రపు చేప. అది గాజు తొట్టిలో ఉండేది, ఆ తొట్టి అడవి మండలి కార్యాలయంలో ఉండేది. ఇదంతా ఎలా కుదిరిందో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. ఓపిక లేనివాళ్ళు నేరుగా చివరికి వెళ్ళి నీతి చదువుకోవచ్చు. కానీ కథ చదవకుండా ఆ నీతిని ఆచరణలో పెడితే మీ ఇంట్లోవాళ్ళు మిమ్మల్ని గుమ్మం బయటే నిలబెడతారు. తర్వాత నన్ను అనకండి.

ఆ అడవి సముద్రాన్ని ఆనుకుని ఉంది. మనుషులు దాని అంచున ఒక విడిది ఇల్లు కట్టుకుని, హాల్లో పెద్ద అక్వేరియం పెట్టుకున్నారు. అందులో సముద్రపు నీళ్ళు, పగడపు రాళ్ళు, అడుగున ఇసుక. ఒక తుఫానుకి రోడ్డు కొట్టుకుపోయింది. మనుషులు సామాను సర్దుకుని, రంగురంగుల చేపలన్నిటినీ సంచుల్లో పోసుకుని వెళ్ళిపోయారు. రాతి కన్నంలో దాక్కున్న ఒక్కడు మాత్రం మిగిలిపోయాడు. నిజం చెప్పాలంటే వాడికోసం ఎవరూ పెద్దగా వెతకలేదు.

వాడిది బ్లెన్నీ అనే జాతి. చూపుడువేలంత ఉంటాడు. మట్టిరంగు ఒళ్ళు, దానిమీద మచ్చలు, మొద్దు తల, నెత్తిమీద నిక్కబొడుచుకున్న రెండు పోచలు, దళసరి పెదాలు. కళ్ళు రెండూ దేని దారి దానిదే. ఒకటి ఇటు చూస్తుంటే ఇంకొకటి అటు చూస్తుంది. మిగతా చేపల్లా నీళ్ళలో తేలుతూ షికార్లు కొట్టడం వాడికి చేతకాదు. రాయి మీంచి రాయి మీదకి గెంతుతాడు. భయం వేస్తే తోక ముందు పెట్టి కన్నంలోకి దూరి, మొహం మాత్రం బయట ఉంచుతాడు. పొద్దస్తమానం కిటికీలో కూర్చుని వీధిలో ఎవరు ఎటు వెళ్తున్నారో చూసే పెద్దమనుషులు కొందరుంటారే, సరిగ్గా అలా ఉంటాడు.

వాడి తిండి పాచి. రాళ్ళమీద, అద్దాలమీద పచ్చగా పట్టే పాచిని పెదాలతో గీక్కుని తినడమే వాడి బతుకు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే ఆ అడవిలో ఇది ఎవరూ కనుక్కోలేదు.

తొట్టిలో వాడికి తోడు పైడయ్య అనే పీత. పైడయ్యకి సొంత గుల్ల లేదు. చచ్చిపోయిన నత్త గుల్ల ఒకటి చూసుకుని, అందులో ఏళ్ళ తరబడి అద్దె లేకుండా కాపురం ఉంటున్నాడు. వైజాగు తీరం వాడు. చేపని 'బుడ్డోడా' అని పిలిచేవాడు. అదే వాడి పేరైపోయింది.

మనుషులు వెళ్ళాక ఆ ఇంటిని అడవి మండలి తన కార్యాలయం చేసుకుంది. పైకప్పు మీద సోలార్ పలకలు మిగిలే ఉన్నాయి కాబట్టి తొట్టిలో నీళ్ళు తిప్పే పంపు ఆగకుండా తిరుగుతూనే ఉంది. తొట్టి మీద వల అల్లిన మూత కూడా అలాగే ఉంది. బ్లెన్నీలకి గెంతే జబ్బు ఉంటుందని మనుషులు బిగించిన మూత అది.

మండలి అధ్యక్షుడు గంభీరయ్య అనే అడవిదున్న. ఏ సమస్య చెప్పినా ఆయన చాలాసేపు దీర్ఘంగా ఆలోచిస్తున్నట్టు కనిపించేవారు. నిజానికి నెమరు వేసేవారు.

కార్యదర్శి నకులరావు, ముంగిస. ఇంతకుముందు చాలామంది అధ్యక్షుల దగ్గర పనిచేసి, అందరినీ మాజీలని చేసిన అనుభవం ఉన్నవాడు.

జలచరాల సంక్షేమం చూసే సభ్యుడు బకానందం గారు. ఆయన కొంగ. ఒంటికాలి మీద నిలబడి, కళ్ళు అరమూసి, లోకం కోసం ధ్యానం చేస్తుండేవారు. ఆయన్ని ఆ పదవిలో ఎందుకు వేశారని కొందరు గొణిగారు. చేపల గురించి ఆయనకున్నంత శ్రద్ధ అడవి మొత్తంలో ఇంకెవరికుంది చెప్పండి?

కార్యాలయం తూర్పు కిటికీలోంచి పొద్దుటి ఎండ తొట్టి తాలూకు ఒక అద్దం మీద పడేది. పాచి అక్కడే దట్టంగా పట్టేది. అధ్యక్షుడి స్థానం కూడా ఆ అద్దం ముందే. గంభీరయ్య శరీరానికి ఆ హాల్లో సరిపోయిన చోటు అదొక్కటే.

మొదటి సమావేశం రోజు గంభీరయ్య గొంతు సవరించుకున్నారో లేదో, బుడ్డోడు గెంతుకుంటూ వచ్చాడు. ఆయన మొహానికి ఎదురుగా అద్దానికి కరుచుకుని, చప్ చప్ చప్‌మని పెదాలు ఆనించాడు.

"ఏమిటిది?" అన్నారు గంభీరయ్య.

నకులరావు ముక్కు అద్దానికి ఆనించి చూశాడు. చేప పెదాలు తగిలినచోటల్లా పచ్చటి పాచిలో గుండ్రటి అచ్చులు పడి ఉన్నాయి.

"ముద్దులండీ."

"ముద్దులా? ఎవరికి?"

"ఇక్కడ నిలబడింది తమరే కదండీ."

గంభీరయ్య నెమరు వేయడం ఆపేశారు. దూడగా ఉన్నప్పుడు తల్లి నాకడం తప్ప ఆయన్ని ఇంతవరకూ ఎవరూ ముద్దుపెట్టుకోలేదు. ఇంటావిడ కూడా గడ్డి ఎటువైపు బాగుందని అడగడమే గానీ మరో మాట మాట్లాడదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక్కడ మాత్రం నేను ఎగతాళి చేయను. అంత పెద్ద ఒంట్లో అంత చిన్న ఆశ దాగి ఉందంటే నాకు జాలిగానే ఉంటుంది.

"మళ్ళీ పెడుతుందంటావా?" అని ఆయన గొంతు తగ్గించి అడిగారు.

తొట్టి లోపల పైడయ్య గుల్లలోంచి తల బయటపెట్టాడు.

"ఒరే బుడ్డోడా, ఆ దున్న నీ వంక చూసి ఏడుస్తన్నాడేటిరా?"

"నాకేం తెలుసు చిన్నాన్నా! ఇక్కడ పాచి బాగుంది. ఎండ తగిలింది కదా, మంచి లేతగా ఉంది."

"అయితే నీ తిండి నువ్వు తిను. ఏడ్చీవోల్ని ఏడవనీ."

అలా బుడ్డోడు రోజూ తిన్నాడు, గంభీరయ్య రోజూ మురిసిపోయారు. అధ్యక్షులవారిని చేప ముద్దు పెట్టుకుంటుందని అడవంతా పాకింది. కుందేళ్ళు పిల్లల్ని తీసుకొచ్చి చూపించాయి. కణుజు జింకలు గుంపులుగా వచ్చి, చూసి, ఏమీ అర్థం కాక, బాగుందని చెప్పి వెళ్ళాయి.

అయితే కొన్నాళ్ళకి తొట్టిలో నీళ్ళు తగ్గడం మొదలైంది.

"ఎవరో తాగేస్తున్నారు," అన్నారు గంభీరయ్య. నకులరావు ఒక తోడేలుని కాపలా పెట్టాడు. తోడేలు రెప్ప వాల్చకుండా చూస్తూనే ఉంది, నీళ్ళు తగ్గుతూనే ఉన్నాయి. దాంతో తోడేలే తాగుతోందని తేల్చి దాన్ని ఉద్యోగంలోంచి తీసేశారు.

తగ్గినదాన్ని నింపడానికి గూడబాతులు రోజూ సంచి మూతుల్లో సముద్రపు నీళ్ళు మోసుకొచ్చి పోశాయి. ఆవిరైపోయేది నీళ్ళే గానీ ఉప్పు కాదని, అది తొట్టిలోనే ఉండిపోతుందని, తగ్గినంత మంచినీళ్ళు పోస్తే సరిపోతుందని ఎవరికీ తట్టలేదు.

"సముద్రపు చేపకి సముద్రపు నీళ్ళే మర్యాద," అన్నారు బకానందం. ఉప్పు పట్టించిన చేప ఎక్కువ రుచిగా ఉంటుందన్న సంగతి మాత్రం ఆయన సభ దృష్టికి తేలేదు.

"చిన్నాన్నా, వీళ్ళు నన్ను ఊరగాయ పెడుతున్నారు," అని మొత్తుకున్నాడు బుడ్డోడు. "మొప్పలు మండిపోతున్నాయి."

"కారం కలపనేదు, సంతోషించు."

ఇంతలో వానలు పట్టుకున్నాయి. పైకప్పు బాగు చేయించాలని మండలి తీర్మానించి మరిచిపోయింది కాబట్టి, సరిగ్గా తొట్టి మీదే ధారగా కారింది. వల మూతలోంచి వాననీళ్ళు పడీ పడీ ఉప్పు తగ్గి, బుడ్డోడు ఊపిరి పీల్చుకున్నాడు. మండలి వాడికి చేసిన ఏకైక మేలు ఆ పైకప్పు బాగు చేయించకపోవడమే.

వానలు వెలిసేసరికి ఎన్నికలు వచ్చాయి.

"మనం చేసిన పనులు జనానికి చూపించాలి," అన్నారు గంభీరయ్య.

నకులరావు తోకతో మీసాలు దువ్వుకున్నాడు. "పనులంటే కష్టమండీ. వెతకాలి. దానికంటే చేపని చూపిద్దాం. 'నోరులేని చేప సైతం ముద్దాడిన నాయకుడు.' ఆ ఒక్క మాట చాలు. అడవి మొత్తాన్ని ఇక్కడికి పిలిపించి, అందరి కళ్ళముందు ముద్దు పెట్టిద్దాం. ఇక పోటీకి నిలబడే మొహం ఎవరికుంటుంది?"

గంభీరయ్య చెవులు సిగ్గుతో వాలిపోయాయి. "అందరి ముందూనా?" అన్నారు. కానీ ఆ రోజు మేత మామూలుకంటే ఎక్కువే లాగించారు.

ఒక్కటే చిక్కు. అద్దం పాచిపట్టి ఉంది. అటువైపు నుంచి చూస్తే అధ్యక్షులవారి మొహం బూజు పట్టిన రొట్టెలా కనిపిస్తోంది. జనం వచ్చేముందు తోమించాలి.

కోతులు కొబ్బరిపీచు పట్టుకుని దిగాయి. అద్దాలు తోమాయి. ఊపులో ఉన్నాయి కదా, రాళ్ళు కూడా తోమాయి. పంపు గొట్టం తోమాయి. పైడయ్య గుల్లని కూడా తోమబోతే ఆయన ఒక కోతి వేలు పట్టుకుని వదల్లేదు. సాయంత్రానికి తొట్టి తళతళలాడింది. నకులరావు దూరంగా నిలబడి తృప్తిగా తల ఆడించాడు.

పొద్దున్నే బుడ్డోడు కన్నంలోంచి బయటికొచ్చి అద్దం దగ్గరికి గెంతాడు. పెదాలు ఆనించాడు. జారిపోయాయి. పక్కకి జరిగి ఆనించాడు. మళ్ళీ జారాయి. రాళ్ళ దగ్గరికి వెళ్ళాడు, ఇసుక తిరగేశాడు. ఎక్కడా పచ్చటి మరక కూడా లేదు.

"చిన్నాన్నా, నా పొలమంతా తుడిచేశారు!"

పైడయ్య చుట్టూ చూశాడు. ఆయనకేం, దొరికిన చెత్త ఏరుకుని తింటాడు. ఈ గుంటడికి పాచి తప్ప మరోటి పడదని ఆయనకి తెలుసు.

గంభీరయ్య వచ్చి మొహం అద్దానికి దగ్గరగా పెట్టారు. చేప రాలేదు. దగ్గారు. రాలేదు. ఇంకాస్త దగ్గరగా జరిగారు. రాతి కన్నంలోంచి రెండు కళ్ళు ఆయన్ని ఎడాపెడా చూశాయి, అంతే.

"అలిగింది," అన్నాడు నకులరావు. "ఏమైనా తినిపిద్దాం."

ఎవరికి తోచింది వాళ్ళు తెచ్చారు. గంభీరయ్య స్వయంగా పచ్చగడ్డి తెచ్చి వేశారు. అది తేలుతూ కుళ్ళిపోయింది. నకులరావు పిట్టగుడ్డు ఒకటి పగలగొట్టి పోశాడు, నీళ్ళు తెల్లబడ్డాయి. బకానందం ఎక్కడినుంచో ఒక చిన్న చేప తెచ్చి, "ఇది చాలా శ్రేష్ఠమైన ఆహారం, స్వానుభవంతో చెబుతున్నాను," అని మూతమీద పెట్టారు. చచ్చిన చేపని చూసి బుడ్డోడు ఆ పూటంతా కన్నంలోంచి బయటికి రాలేదు. సాయంత్రం ఆ చేపని బకానందం గారే వృథా కాకూడదని తినేశారు.

బుడ్డోడి కడుపు లోపలికి పోయింది. తల పెద్దదిగా, ఒళ్ళు దారంలా అయిపోయింది. రాయి మీంచి రాయి మీదకి గెంతబోయి మధ్యలో పడిపోతున్నాడు. నాకు ఆ మండలి మీద కోపం ఇక్కడే వస్తుంది. వాడు చచ్చిపోతున్నాడు. ఆ హాల్లో పొద్దున్నుంచీ సాయంత్రం దాకా వాడి గురించే చర్చ. అయినా వాడు చచ్చిపోతున్నాడన్న మాట ఎవరి నోటా రాలేదు.

"ఇది అసమ్మతి," అన్నాడు నకులరావు. "ఎవరో చేపని తమ వైపు తిప్పుకున్నారు. విచారణ వేయాలి."

విచారణ బకానందం గారికి అప్పగించారు. ఆయన వచ్చి తొట్టి అంచుమీద నిలబడి, ముక్కు వల దాకా వంచి, తేనెలొలికే గొంతుతో అన్నారు:

"నాయనా, నీ బాధేమిటో చెప్పుకో. కాస్త పైకి వచ్చి చెప్పుకో."

"ఇక్కణ్ణుంచే చెబుతానండి. ఆకలి. అద్దాలు తోమకండి, పాచి పట్టనివ్వండి. అంతే."

"ఏమన్నావు? మూత అడ్డం వచ్చి సరిగా వినపడటం లేదు."

"ఆ-క-లి!"

బకానందం ఒక కన్ను తెరిచి వాణ్ణి చూశారు. ఇంకా ఆలస్యమైతే ముల్లు తప్ప ఏమీ మిగిలేటట్టు లేదు. వెంటనే సభకి వెళ్ళారు.

"అధ్యక్షా, చేప మనసు విప్పి మాట్లాడింది. దానికి ఆకలిగా ఉందట."

"తినిపించాం కదా!" అన్నారు గంభీరయ్య.

"అది తిండి ఆకలి కాదు, తమ సాన్నిధ్యం కోసం ఆకలి. ఎన్నాళ్ళని అద్దానికి ముద్దులు పెడుతుంది పాపం? మధ్యలో ఆ అద్దం, పైన ఆ మూత, దానికి విరక్తి వచ్చింది. మూత తీసేసి తమరు స్వయంగా మూతి నీళ్ళమీద ఆనిస్తే, నేరుగా తమ మూతికే ముద్దు పెడతానంటోంది. పక్కనే నేనూ ఉంటాను, సంక్షేమం చూసుకోవడానికి."

గంభీరయ్య నాలుకతో మూతి తుడుచుకున్నారు. నకులరావు ఎగిరి గంతేశాడు. "మూతికి ముద్దు! అద్భుతమండీ. జనం ఊగిపోతారు."

అలా ఎవరి ఆలోచన వాళ్ళదే అయినా, మూత తీయడానికి మాత్రం అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు.

ఆ రోజు రానే వచ్చింది. హాలు నిండిపోయి, వరండా నిండిపోయి, చెట్లెక్కి కిటికీల్లోంచి చూస్తున్నారు. గంభీరయ్యకి తెల్లారకముందే వాగులో స్నానం చేయించారు. మూతి ప్రత్యేకంగా రుద్దించారు. మొగలిపూలు పులిమారు.

అడవిలో అందరికంటే పెద్ద వోటరు నింపాదమ్మ అనే తాబేలు. వెనక చెరువులో ఉంటుంది. ఒక్కసారి కదలడం మొదలుపెడితే ఎందుకు కదిలిందో మరిచిపోయేదాకా నడుస్తుంది. పెద్దావిడ ఆశీర్వాదం ఉన్నట్టు జనానికి కనిపించాలని నకులరావు ఆవిణ్ణి ఎత్తించి తెప్పించి, తొట్టి పక్కన అరుగు మీద పెట్టించాడు. తొట్టి అంచుకీ ఆవిడ వీపుకీ మధ్య బెత్తెడు దూరం. ఆవిడ వీపు మీద, పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ తోమనిది కదా, మందంగా, పచ్చగా, తివాచీ పరిచినట్టు పాచి. దాన్ని కూడా గీకించమని నకులరావు కోతులకి చెప్పాడు. కానీ తొట్టి తోమి తోమి చేతులు పడిపోయి కోతులు చెప్పకుండా వెళ్ళిపోయాయి. నింపాదమ్మ అప్పటికే నిద్రలో ఉంది.

మూత తీశారు. గంభీరయ్య కళ్ళు మూసుకుని, మెడ చాచి, నున్నటి మూతి నీళ్ళకి తాకించారు. పక్కనే బకానందం, ఒంటికాలి మీద, కళ్ళు అరమూసి, ముక్కు సిద్ధంగా.

నీళ్ళలో బుడ్డోడు పై రాయి మీదకి ప్రాణాలు కూడదీసుకుని ఎక్కాడు. వాడి ఒక కన్ను మూతిని చూసింది. శుభ్రంగా ఉంది, తినడానికి ఏమీ లేదు. రెండో కన్ను పక్కకి తిరిగింది.

అంచు అవతల పచ్చగా, తడిగా, మందంగా కనిపించింది.

"చిన్నాన్నా," అన్నాడు వాడు. "అదిగో, పాచి. కానీ నీళ్ళ బయట ఉంది."

"చూసినాను."

"బయటికెళ్తే బతుకుతానా?"

"ఇక్కడుండి బతుకుతన్నావేటిరా?" అన్నాడు పైడయ్య. గుల్లలోంచి పూర్తిగా బయటికొచ్చాడు, ఆయన అలా రావడం బుడ్డోడు ఎన్నడూ చూడలేదు. "గెంతు నాయనా. ఆ ముక్కుపొడుగోడు కళ్ళు తెరవకముందే గెంతీ!"

బుడ్డోడు గెంతాడు.

మూతి పక్కనుంచి, ముక్కు కిందనుంచి, అంచు దాటి పోయి, నింపాదమ్మ వీపు మీద చపుక్కున పడ్డాడు. పడీపడగానే మొదలుపెట్టాడు. చప్ చప్ చప్ చప్ చప్. ఈ చివర నుంచి ఆ చివరకి, గుండ్రంగా తిరిగి, మళ్ళీ మొదటికి. ఊపిరి ఆడకపోయినా లెక్కచేయలేదు.

గంభీరయ్య ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నారు, ఎదురుచూస్తున్నారు.

బకానందం గారికి ధ్యానం చెదిరింది. లోకాన్ని మరిచి ముక్కు విసిరారు. చేప ఆ పాటికి ముందుకి పాకింది. ముక్కు డిప్పకి తగిలి 'ఠంగ్'మంది. ఆ తర్వాత ఆయన ముక్కు కొన కాస్త పైకి తిరిగే ఉండిపోయింది. అడిగినవాళ్ళకి అది తపస్సు వల్ల వచ్చిందని చెప్పేవారు.

ఆ చప్పుడికి నింపాదమ్మ మేలుకుంది. మెడ బయటికి చాచి, కళ్ళు మూస్తూ తెరుస్తూ అంది:

"ఎవర్రా నా వీపు గోకుతోంది? నా తండ్రే! ఎన్నేళ్ళ దురదరా ఇది, నా చేయి అందక చచ్చిపోతున్నాను. ఆ, అక్కడే. ఇంకాస్త పైకి."

జనంలో గుసగుసలు బయల్దేరాయి. చేప అధ్యక్షుణ్ణి కాదని ముసలమ్మని ముద్దుపెట్టుకుంది. ఒకటా రెండా, ఒళ్ళంతా. గాలి ఎటు వీస్తోందో అడవిలో అందరికంటే ముందు తెలిసేది ఒకరికే. గంభీరయ్య కళ్ళు తెరిచేలోపే నకులరావు అరుగెక్కి అరిచాడు:

"నింపాదమ్మకి జై!"

"జై!" అంది అడవి.

"నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను, ఈ చేపకి నిజమైన నాయకత్వం అంటే ఏమిటో తెలుసని!"

"మళ్ళీ! మళ్ళీ పెట్టించండి!" అని వెనకవాళ్ళు అరిచారు. వాళ్ళకి సరిగ్గా కనపడలేదు. కానీ చేప అప్పటికే వీపు మీద పక్కకి ఒరిగిపోయి, మొప్పలు ఎగరేస్తూ ఉంది. దానికి నీళ్ళు కావాలని కాదు, మళ్ళీ ముద్దు చూడాలని, నలుగురు కలిసి నింపాదమ్మని ఎత్తి, వెల్లకిలా తిప్పి, వీపు మునిగేదాకా తొట్టిలో ముంచారు. నీళ్ళు తగలగానే బుడ్డోడు ఒక్కసారి ఒళ్ళు విదిలించుకున్నాడు. పైడయ్య రెండు డెక్కలూ పైకెత్తి ఏదో కేకేశాడు. అది ఏడుపో నవ్వో నాకు తెలీదు.

బుడ్డోడు ఆగలేదు. నీళ్ళలోనే ఆ వీపుకి కరుచుకుని మళ్ళీ తినడం మొదలుపెట్టాడు. జనం ఊగిపోయారు. నకులరావు చెప్పినట్టే జరిగింది, మనిషి మారాడంతే.

"ఇంకాస్త పైకి," అంది నింపాదమ్మ తలకిందులుగా వేలాడుతూ.

అదే ఆమె ఎన్నికల ప్రసంగం. పోటీ లేకుండా గెలిచింది.

పదవి చేపట్టాక నింపాదమ్మ మండలి కార్యాలయంలోనే, తొట్టి పక్కన అరుగు మీద పడుకుంది. అంతే, మరేమీ చేయలేదు. ఏ దస్త్రం తెచ్చినా నిద్రలో ఉండేది. అద్దాలు తోమాలా అని కోతులు అడిగాయి. ఆవిడ లేవలేదు. ఆజ్ఞ లేనిదే పని చేయకూడదని కోతులు పీచు పక్కన పడేసి చెట్లెక్కాయి. పైకప్పు అలాగే కారింది. తూర్పు ఎండ పడే అద్దం మీద మొదట లేతగా, తర్వాత చిక్కగా పచ్చదనం వచ్చింది. మూత సంగతి ఒక్కటి పైడయ్య పట్టుబట్టాడు. ఇంకోసారి గెంతితే ఎన్నికలు మళ్ళీ పెట్టాల్సొస్తుందని నకులరావుకి కబురంపాడు. నకులరావు పరిగెత్తుకొచ్చి తన చేత్తోనే మూత బిగించాడు.

బుడ్డోడికి బొజ్జ వచ్చింది. కన్నంలోకి తోక ముందు పెట్టి దూరడానికి ఇప్పుడు కాస్త అవస్థ పడుతున్నాడు.

అడవిలో మాత్రం ఒక కొత్త అలవాటు మొదలైంది. పదవి మీద కన్నున్న ప్రతివాడూ చెరువులో దిగి కదలకుండా నిలబడటం మొదలుపెట్టాడు. దుప్పులు మెడదాకా, ఎలుగుబంట్లు నడుందాకా. వీపు మీద పాచి పట్టాలి కదా. నకులరావు కూడా తోక తడుపుకుని చూస్తున్నాడు, ఎందుకైనా మంచిదని. ఎవరూ స్నానం చేయడం లేదు. ఎండ ముదిరితే అడవిలోకి అడుగుపెట్టలేని వాసన.

ఒక మధ్యాహ్నం, అందరూ కునుకు తీస్తున్న వేళ, తూర్పు కిటికీ దగ్గర ఏదో అలికిడైంది. బుడ్డోడు చూశాడు. గంభీరయ్య. పదవి పోయాక ఎవరికీ కనపడలేదు. చిక్కిపోయారు. మూతి నిండా పచ్చగా చెరువు పాచి. ఎన్నాళ్ళు నీళ్ళలో మూతి ముంచుకుని నిలబడ్డారో పాపం.

ఆయన చప్పుడు కాకుండా లోపలికి వచ్చి, కొమ్ముతో మూత జరిపి, అటూ ఇటూ చూసి, మూతి నీళ్ళమీద ఆనించారు. ఈసారి కళ్ళు మూసుకోలేదు. వోట్ల మాట ఎత్తలేదు. చూస్తూ ఉన్నారు, అంతే.

బుడ్డోడికి ఆకలి లేదు. అద్దం నిండా పొలం పచ్చగా ఉంది. అయినా రాయి మీంచి రాయి మీదకి గెంతుతూ పైకి వచ్చి, ఆ పెద్ద మూతి మీద ఒక్కసారి పెదాలు ఆనించాడు. చప్.

గంభీరయ్య చెవులు వాలిపోయాయి. మూత జాగ్రత్తగా మళ్ళీ పెట్టి, వచ్చిన దారినే వెళ్ళిపోయారు.

"ఏరా, కడుపు నిండా తిన్నావు కదా," అన్నాడు పైడయ్య. "మళ్ళీ ఎందుకు తిన్నావు?"

"తినలేదు చిన్నాన్నా," అన్నాడు బుడ్డోడు. "ఆ రోజు ఆకలికి ముసలమ్మ వీపు మీద తిన్నాను గానీ, చెరువు పాచి నాకు పడదు. చేదు."

పైడయ్య వాణ్ణి ఎగాదిగా చూసి గుల్లలోకి వెళ్ళిపోయాడు.

నీతి: పదిమంది ముద్దులూ కావాలనుకునేవాళ్ళు ముందు స్నానం మానెయ్యాలి.